ఉదయగిరి కొండ మీద నీళ్లు పోయకూడని గది

ఉదయగిరి వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ కోట ఎలా ఉందని అడిగారు. కోట సంగతి తర్వాత చెబుతాను, ముందు కొండకి సగం దారిలో ఉన్న మరుగుదొడ్డి సంగతి వినండి అన్నాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. పక్కింటావిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. అంతా విని, తలుపుకి లోపల గడియ ఉందా అని అడిగింది. ఆవిడ కోసం, ఆవిడలా గడియ గురించి అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతాను. ఏళ్ళ తరబడి మిషను ముందు కూర్చున్నందుకేమో, ఇప్పుడు నా కాళ్ళు ఒకచోట నిలవవు. నాలుగు రోజులు ఖాళీ దొరికితే ఏదో ఒక బస్సు ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది. కానీ బీపీకి డాక్టరు రాసిన నీటి మాత్ర ఒకటి నా ప్రాణానికి తోడైంది. పొద్దున అది వేసుకుంటే మధ్యాహ్నం దాకా గంటకోసారి పరుగెత్తాలి. మానేస్తే తల తిరుగుతుంది. దాంతో నా ప్రయాణాలు చిన్నవైపోయాయి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తాను. పెదాలు ఎండినా, గొంతు పిడచకట్టినా సరే, సీసా మూత తీయను. పోయిన ఏడాది ఒక కొండ గుడికి వెళ్ళి, పైన ఏ వసతీ లేదని తెలిసి, మెట్ల దగ్గర తోటివాళ్ళ చెప్పులకి కాపలా కూర్చున్నాను. మోకాళ్ళు బాగానే ఉన్న మనిషిని అలా కూలబడాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఉదయగిరి కొండ దారిలో ఎవరో ఒక సంస్థవాళ్ళు నీళ్లు అక్కర్లేని మరుగుదొడ్డి కట్టారని మా కొట్టుకి గుడ్డలు తెచ్చే ఆయన చెప్పాడు. నీళ్లు అక్కర్లేకపోవడమేమిటో నా బుర్రకి ఎక్కలేదు. మాది కాలవల ఊరు. బకెట్టు నిండా నీళ్లు ధారగా పోస్తే తప్ప మాకు శుభ్రమైనట్టు అనిపించదు. అయినా కొండ మీద తలుపున్న గది ఒకటుందన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఈ కొండ కూడా ఎక్కలేకపోతే ఇక బస్సుల ఆశ వదులుకుంటానని నాతో నేనే పందెం కాసి బయల్దేరాను.

ఆత్మకూరు

నెల్లూరులో ఉదయగిరి బస్సు ఎక్కాక నా పక్కన కలువాయి ఆవిడ కూర్చుంది. ఆసుపత్రి పని చూసుకుని, వరికుంటపాడులో ఉన్న చెల్లెలి ఇంటికి పోతోంది. కూర్చున్న పది నిమిషాల్లో నా పేరు, ఊరు, పిల్లలెంతమంది, జాకెట్టుకి ఎంత తీసుకుంటాను అన్నీ రాబట్టింది. మా వైపు ఇలా అడిగితే కాస్త మొహమాటపడతాం. ఇక్కడ అడక్కపోతేనే తప్పులా ఉంది. నేను జవాబులు చెబుతూ కిటికీలోంచి తలుపుల కోసం చూస్తున్నాను. పెట్రోలు బంకులు, హోటళ్ళు, స్కూళ్ళు. ఎక్కడ దిగితే ఎక్కడికి పరుగెత్తొచ్చో లెక్క వేసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆవిడ పులిబొంగరాల పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టింది. పుల్లటి పిండితో వేసినవి, లోపల ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తగులుతున్నాయి. పక్కన ఎర్రకారం. రెండు తినేసరికి కళ్ళలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దన్నాను. ఎందుకు వద్దో ఆవిడ అడగలేదు. అన్నీ అడిగిన మనిషి అదొక్కటీ అడగలేదు. తన సీసా కూడా మూత తీయకుండానే సంచిలో పెట్టుకుంది.

ఆత్మకూరులో బస్సు ఆగింది. కండక్టరు టీకి దిగుతూ ఐదు నిమిషాలే అన్నాడు. నేను సంచి సీట్లో వదిలేసి పరుగెత్తాను. తిరిగి వస్తుంటే బస్సు కదులుతోంది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని పరుగందుకున్నాను. చూస్తే కలువాయి ఆవిడ ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఒక కాలు కిందికి వేలాడేసి, కండక్టరుని నిలదీస్తోంది.

"ఆడమనిషి ఒంటికి పొయ్యుండాది. రానీ. ఒక నిమిషం ఆపితే నీ బస్సు అరిగిపోదులే."

బస్సులో ఉన్న మగవాళ్ళందరికీ అది వినపడింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కూర్చున్నాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా మిగిలిన బొంగరాలు ఎంచి నాకు సగం ఇచ్చింది.

ఆత్మకూరు దాటాక నేల రంగు మారింది. పచ్చదనం పలచబడి ఎర్రమట్టి, రాళ్ళు, తుమ్మచెట్లు మొదలయ్యాయి. రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు చాలాసేపు నిలబడిపోయింది. డ్రైవరు హారను కూడా కొట్టలేదు. నేనొక్కదాన్నే సీటులో ముందుకీ వెనక్కీ కదులుతూ కూర్చున్నాను.

ఉదయగిరి

ఊళ్ళోకి వచ్చేదాకా కొండ కనపడుతూనే ఉంటుంది. సాయంత్రం ఎండలో పైన గోడలు కొన్ని ఎర్రగా తేలి ఉన్నాయి. చూడగానే ఎక్కాలనిపించింది, ఆ వెంటనే ఎలా అన్న దిగులూ పట్టుకుంది.

బస చేసిన చోట యజమాని ఒక బకెట్టు నీళ్లు చూపించి పొద్దున ఇంకొకటి వస్తుందన్నాడు. మా ఇంట్లో గుమ్మం కడగడానికి అంతకంటే ఎక్కువ పోస్తాను. ఇక్కడ మొహం కడుక్కున్న నీళ్లని కూడా ఒక తొట్టిలో పట్టి, పెరట్లో మునగచెట్టుకి పోస్తున్నారు. రాత్రి భోజనానికి రాగిసంకటి, చెనక్కాయల పచ్చడి, పప్పు. సంకటిని నేను అన్నంలా నమలబోతే వడ్డించే ఆమె నవ్వి, పచ్చడి అద్దుకుని మింగెయ్యాలని చూపించింది. అరవై రూపాయలకి కడుపు నిండిపోయింది.

కొండ మీది మరుగుదొడ్డి గురించి యజమానిని అడిగాను. ఆయన మొహం చిట్లించి, అది మంచి ఆలోచనే గానీ ఇప్పుడు వాసనకి ఆ దారినే పోలేకుండా ఉన్నామన్నాడు. ఆదివారం వచ్చిన కుర్రాళ్ళెవరో ముక్కు మూసుకుని వీడియో తీసి ఫోన్లలో పెట్టారట. నాకు మంచం మీద పడుకోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కొండవైపు చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

సగం దారి

పొద్దున మాత్ర మానేద్దామా అని చాలాసేపు తర్జనభర్జన పడి, చివరికి వేసుకున్నాను. పందెం అన్నాక దొంగాట ఆడకూడదు కదా. లీటరు సీసా నింపుకున్నాను గానీ అది తాగడానికి కాదు. పైన నీళ్లుండవని తెలుసు కాబట్టి, గదిలో పోయడానికి.

మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల ఊడిపోయి రాళ్ళు మాత్రమే మిగిలాయి. దారికి అటూ ఇటూ సీతాఫలం చెట్లు. ఎండ ఇంకా ముదరలేదు. సీసాలో నీళ్లు నా నడుముకి తగిలి గలగలమంటుంటే గొంతు మరింత ఎండిపోయింది. అయినా ఆగలేదు, ఆగితే ఇంకా ఇబ్బంది. చివరి మలుపు తిరిగేసరికి దాదాపు పరుగెడుతున్నాను.

రాతి గోడలు, నీలం రేకు తలుపు. పక్కన బండ మీద ఒకామె కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ మేకలు. నా వయసే ఉంటుంది, కాస్త పెద్దదేమో. తర్వాత తెలిసింది పేరు పెంచలమ్మ అని. తలుపు మీద బోర్డు ఉంది: నీళ్లు లేని మరుగుదొడ్డి. ఆమె కూడా, ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ ఇవ్వలేకపోయిన మనిషిలా నొచ్చుకుంటూ, లోపల నీళ్లు లేవమ్మా అంది. ఫరవాలేదు, నేను తెచ్చుకున్నానని సీసా ఎత్తి చూపించి లోపలికి దూరాను. గడియ ఉంది. గట్టిదే.

లోపల వాసన నిజంగానే ఘాటుగా ఉంది. సిమెంటు గద్దెకి ముందువైపు ఒక పల్లం, వెనకవైపు ఒక గుంట. మూలన ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, అందులో ఎర్ర మగ్గు. డ్రమ్ములో నీళ్లు లేవు, బూడిద కలిసిన బురదేదో అడుగున ఉంది. పాత్రలు తోముకునే బూడిద ఎవరో ఇక్కడ పారబోశారనుకున్నాను. పని అయ్యాక, వెనకాల వచ్చేవాళ్ళు నన్ను తిట్టుకోకూడదని, తాగకుండా మోసుకొచ్చిన లీటరు నీళ్లూ గుంటలో ధారగా పోశాను. మంచి పని చేశానన్న తృప్తితో బయటికి వచ్చాను.

పెంచలమ్మ లేచి నిలబడి ఉంది.

"నీళ్లు పోసినావా అక్కా?"

"పోశాను. మొత్తం పోశాను. శుభ్రంగా ఉంది చూడండి."

ఆమె కర్ర కింద పెట్టేసింది. మళ్ళీ బండ మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని, నా నోరు అలాంటిది. ఆమె అలా నీరుకారిపోయి కూర్చునేసరికి నేనే వెళ్ళి పక్కన కూర్చుని, ఏమైందని అడిగాను.

అప్పుడు చెప్పింది. ముందు పల్లంలో పడింది గొట్టం గుండా సీతాఫలం మొదట్లోకి పోతుంది. వెనక గుంట కింద తొట్టి ఉంది. దాంట్లోకి తడి చేరకూడదు. పని అయ్యాక బూడిద చల్లితే చాలు, వాసన రాదు, నెలలు గడిచేసరికి అంతా పొడి మట్టి అయిపోతుంది. కడుక్కోవాలంటే వెనక తలుపు తీసుకుని తడిక చాటుకి వెళ్ళాలి, అక్కడ బండ ఉంది. కట్టినవాళ్ళు ఆమెకి ఇవన్నీ నేర్పారు. బూడిద ఇంటి పొయ్యిలోంచి ఆమే తెచ్చి పోస్తుంది. జీతమేమీ లేదు, ఆమె కావాలని చేస్తున్న పని. మొదట్లో వాసనే ఉండేది కాదట. ఎప్పుడైతే కొండకి జనం పెరిగారో, అందరూ నాలాగే సీసాలు తెచ్చి పోయడం మొదలుపెట్టారు. పోసిన ప్రతి సీసాతో తొట్టి కుళ్ళిపోతోంది. శుక్రవారం వచ్చి తాళం వేస్తానని ఆ సంస్థ సూపర్‌వైజరు అన్నాడు. మధ్యలో ఒక్క రోజే ఉంది.

మరి పోయొద్దని జనానికి చెప్పవచ్చు కదా అన్నాను, కాస్త కసురుకుంటూనే.

"నీళ్లు పొయ్యబాకండి అని నోరెట్టా వస్తాది అక్కా? ఎండలో మోసకొచ్చినారు, తాగకుండా పెట్టుకొచ్చినారు. మా ఇళ్ళల్లో నీళ్లు వద్దన్న మాట ఎవురూ అనరు. లోపల లేవని మాత్రం చెప్తా."

లేవని చెబితే ఈ నేల మీద ఎవరైనా ఏం చేస్తారు? ఉన్నవి తెచ్చి పోస్తారు. బోర్డూ అదే చెబుతోంది, ఆమె నోరూ అదే చెబుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆమె ఇంకొక మాట చెప్పింది. గర్భసంచి ఆపరేషను అయిన దగ్గర్నుంచి ఆమె మూత్రం ఆపుకోలేకపోతోంది. ఈ గది రాకముందు రెండేళ్ళు కొండకే రాలేదు.

"రాళ్ళ చాటు ఉండాది కదా అంటారు. ఏ రాయి చాటుకి పోయినా ఎవుడో ఒకడు ఫోను ఎత్తుకొని నిలబడుంటాడు. ఈ గది మూస్తే మేకల్ని అమ్ముకోవాల్సిందే. నా కొడుకు బేరగాణ్ణి గూడా పిల్చినాడు."

ఆ మాట విన్నాక నేను పైకి ఎక్కాను. పెద్ద మసీదు దాకా వెళ్ళాను, పగిలిన గోడల మధ్య తిరిగాను. కింద ఊరు, అవతల చెరువులు, దూరంగా పొలాలు చిన్న చిన్న పీలికల్లా ఉన్నాయి. ఎన్నాళ్ళకో ఒక కొండ కొన మీద నిలబడ్డాను. పందెం గెలిచాను. కానీ ఒక్కచోట నిలబడలేకపోయాను, కోట గురించి మీకు చెప్పడానికి ఇంతకంటే ఏమీ చూడలేదు. నేను పోసిన లీటరు నీళ్లే కళ్ళ ముందు కదులుతున్నాయి. దిగేటప్పుడు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాను. పెంచలమ్మ తన సంచిలోంచి పొడి బూడిద దోసిట్లో పోసింది. ఈసారి అదే చల్లాను, గుంట తడపలేదు.

కొయ్య గరిటెల వీధి

మర్నాడు ఊళ్ళో కొయ్య చెంచాలు చెక్కే వీధికి వెళ్ళాను. చూడాలన్న ఉత్సాహం కంటే గదిలో కూర్చోలేకపోవడమే కారణం. అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చుని ఆకురాయితో చెంచాలు నున్నగా రుద్దుతున్నారు. కొండ నుంచి తెచ్చే నర్ది అనే చెట్టు చెక్కట. వీధంతా పచ్చి కొయ్య వాసన. జైబున్ అనే ఆవిడ అరుగు మీద నాకు చోటిచ్చింది. పండగలప్పుడు తప్ప గిరాకీ ఉండదని, ఇప్పుడు ఆర్డర్లన్నీ హైదరాబాదు నుంచి ఫోన్లలో వస్తున్నాయని చెబుతూ చేతిలో పని ఆపలేదు. టీ తెప్పించింది. మా ఊళ్ళో ఇంత పంచదార వేస్తే పాయసం అంటారు.

నేను అరుగు మీద ఉన్న గరిటెలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. జైబున్ నన్ను చూసి నవ్వింది.

"ఏందక్కా, గాల్లో సాంబారు తిప్పతన్నావా?"

చూసుకున్నాను. నిజంగానే ఒక పెద్ద గరిటె పట్టుకుని చెయ్యి గుండ్రంగా తిప్పుతున్నాను. ఎవరు పట్టుకున్నా అంతేనని, గరిటె ఇస్తే కలుపుతారు, చెంచా ఇస్తే నోటి దగ్గరికి తీసుకుపోతారు, అన్నం హస్తం ఇస్తే వడ్డించబోతారు, కొనేవాళ్ళని రోజూ చూస్తున్నానని అంది. ఆవిడ సరదాకి చెప్పింది. నాకు మాత్రం గదిలో మూలనున్న ఎర్ర మగ్గు కళ్ళ ముందుకి వచ్చింది. మగ్గు చేతికి ఇస్తే మనం ఏం చేస్తాం? నీళ్లు వెతుకుతాం. దొరక్కపోతే మన సీసాలోవి ఒంపుతాం. డ్రమ్ములో నీళ్లు పోసినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టే ఆ బూడిద బురదైంది. బూడిద చల్లమని నేర్పిన వాళ్ళు, బూడిద తీసుకోవడానికి స్నానాల గది సామాను పెట్టి వెళ్ళారు. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి మేకలు అమ్ముకోవాలా అని ఒళ్ళు మండింది.

జైబున్‌కి అంతా చెప్పాను. మరుగుదొడ్డికి తన గరిటె అనగానే మొదట మొహం ముడుచుకుంది. పెంచలమ్మ పేరు చెప్పాక, ఆమె తనకి తెలుసని, మేకపాలు ఇచ్చేదని అంది. లోపలికి వెళ్ళి, అంచు కాస్త చీలిందని పక్కన పెట్టిన పొడుగు కాడ గరిటె ఒకటి తెచ్చింది. కింద భాగం వెడల్పుగా, చాటలా ఉంది. నీళ్లు పడితే దీంట్లో నిలవవు, బూడిద అయితే నిలుస్తుందని తిప్పి చూపించింది. నూట యాభై అడిగింది. తెనాలిలో అయితే నేను బేరం ఆడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనను. ఆ రోజు నోరెత్తలేదు.

తాళం

శుక్రవారం పొద్దున మళ్ళీ ఎక్కాను. పెంచలమ్మ గరిటెని అటూ ఇటూ తిప్పి చూసి, దీంతో అన్నం వడ్డించుకోవచ్చు కదా అంది. ఇద్దరం కలిసి డ్రమ్ము బోర్లించి బురద గోకేశాం. ఎండలో ఆరబెట్టాం. రెండు సంచుల పొడి బూడిద నింపి, గరిటె అందులో నిలువుగా గుచ్చాం. ఎర్ర మగ్గు తడిక వెనక కడుక్కునే బండ దగ్గర పెట్టేశాం. దాని చోటు అదే. తొట్టిలో కూడా ఆమె చాలా బూడిద గుమ్మరించింది. వాసన పోలేదు గానీ కాస్త తగ్గింది.

సూపర్‌వైజరు మాల్యాద్రి వచ్చేసరికి ఎండ ఎక్కింది. సన్నగా ఉన్నాడు, కొండ ఎక్కి ఆయాసపడుతున్నాడు, చేతి సంచిలో తాళం కప్ప బరువుగా వేలాడుతోంది. మేం చెప్పింది విన్నాడు. మంచివాడే, కానీ విసిగిపోయి ఉన్నాడు. వీడియో చూసిన పైవాళ్ళు తనని ఎన్ని మాటలన్నారో చెప్పుకొచ్చాడు.

"గరిటె పెట్టినంతమాత్రాన జనం మారతారా అమ్మా? నేను బోర్డు పెట్టినా మారలేదు."

బోర్డు మీద ఏం రాశారో ఒక్కసారి పైకి చదవమన్నాను. చదివాడు. నీళ్లు లేని మరుగుదొడ్డి. ఇంకోసారి చదివాడు. తల గోక్కున్నాడు.

అప్పుడే కింది నుంచి ఒక కుటుంబం వచ్చింది. అందులో ఒకమ్మాయి సీసా పట్టుకుని గదిలోకి వెళ్ళింది. మేం ముగ్గురం మాట్లాడటం ఆపేశాం. మరుగుదొడ్డి బయట ముగ్గురు పెద్దవాళ్ళం చెవులు రిక్కించి నీళ్ల చప్పుడు కోసం వినడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం పెంచలమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. నీళ్ల చప్పుడు రాలేదు. డ్రమ్ము అంచుకి గరిటె తగిలిన చప్పుడు వచ్చింది. ఆ అమ్మాయి బయటికి వచ్చి, ఒక గరిటె బూడిద సరిపోతుందా అని అడిగింది. సరిపోతుందని మేం ముగ్గురం ఒకేసారి చెప్పేసరికి బిత్తరపోయింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వాళ్ళ నాన్న లోపలికి వెళ్ళాడు. బుడబుడమని సీసా ఖాళీ అయిన చప్పుడు అందరికీ వినపడింది. ఆయన బయటికి వచ్చి, బూడిద వేసి దాని మీద నీళ్లు కూడా పోశానని మాతో గొప్పగా చెప్పాడు. మాల్యాద్రి నావైపు చూసి సంచిలో చెయ్యి పెట్టాడు. చేతిలో సీసా ఉన్నంతవరకు మనిషి పోస్తూనే ఉంటాడని తెలిసిపోయింది.

ఆ కుటుంబంలో ముసలామె ఒకామె మిగిలింది. ఆమె సీసా పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి పెంచలమ్మ బండ మీంచి లేచింది. గదిలోకి వెళ్ళి గరిటె తీసుకొచ్చింది. తలుపుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపింది. ఒక చేతిలో గరిటె ఉంది, ఇంకో చెయ్యి ఖాళీగా ఉంది.

"నీ సీసా నాకియ్యి అవ్వా. తడిక వెనక పెడతా, కడుక్కునేదానికి అక్కడుంటాది. ఈ గరిటె పట్టుకొని పో, ఒక్క గరిటె బూడిద ఎయ్యి. గరిటె నాకిచ్చి సీసా తీసుకో."

ముసలామె సీసా ఇచ్చి గరిటె తీసుకుంది. నీళ్లు వద్దన్న మాట పెంచలమ్మ అనలేదు. అనాల్సిన అవసరమూ రాలేదు.

మాల్యాద్రి తాళం కప్పని సంచిలోనే వదిలేశాడు. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, ఈ నెల చూస్తానమ్మా, ఆపైన నా చేతిలో లేదు అన్నాడు. బోర్డు కూడా మార్పిస్తానన్నాడు. ఏం రాయాలని నన్ను అడిగితే, రాయడం కాదు, పెంచలమ్మ చెప్పినట్టు చెప్పేవాళ్ళు కావాలన్నాను. ఆయన దిగిపోయాక ఆమె బండ మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట తుడుచుకుందో కన్నీళ్లు తుడుచుకుందో నేను అడగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తెనాలి

ఇంటికి వచ్చాక ఆ నెలంతా నాకు కుదురు లేదు. జాకెట్టుకి చేతులు తారుమారుగా కుట్టి రెండుసార్లు విప్పుకున్నాను. ఫోను చేయాలంటే భయం. చేసి, తాళం వేశారని వింటే ఏం చేయాలో తెలియదు. చివరికి ఒక సాయంత్రం కొట్టు ముందు నిలబడి పెంచలమ్మ ఇచ్చిన ఆమె కొడుకు నంబరుకి చేశాను. అతను తల్లికి ఇచ్చాడు.

తాళం వేయలేదు. వాసన చాలావరకు పోయింది. మధ్యలో ఎవరో నచ్చిందని గరిటె ఎత్తుకుపోయారట. జైబున్ ఇంకొకటి ఇచ్చి డబ్బు తీసుకోలేదట. ఇప్పుడు సీసా తన దగ్గర పెట్టందే గరిటె ఎవరికీ ఇవ్వడం లేదు, గరిటె వెనక్కి రాందే సీసా ఇవ్వడం లేదు. తను మేకల వెంట పోయినప్పుడు ఆ పని గొర్రెల ఆసామి ఒకాయన భార్య చూసుకుంటోందట. బేరగాడు ఒకసారి వచ్చి, మేకల్ని చూసి, వట్టి చేతులతో పోయాడు. ఒక మేక రెండు పిల్లల్ని ఈనింది.

ఇవన్నీ చెప్పాక, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. ఎండలు తగ్గాక వస్తానన్నాను. మాత్ర సంగతీ, బస్సు సంగతీ నేనేదో చెప్పబోతుంటే ఆపేసింది.

"ఈసారి దారంతా నీళ్లు తాగతా రా అక్కా. పైన గది తెరిచే ఉండాది."